లాభం, రెండు, మూడు

మా ఊరి హెడ్మాస్టరు పోయాక ఆయన జ్ఞాపకార్థం ఒక సంచిక వేస్తున్నామనీ, ఒక పేజీ రాసిమ్మనీ అడిగారు. రాసిచ్చాను. వారం తిరక్కుండా ఫోన్లో జవాబు వచ్చింది: "మేడమ్, పెద్దాయన పోయినాడు గదా. ఏందో నాలుగు మంచి మాటలు రాసీండి." నేను రాసినవి చెడ్డ మాటలు కావు, జరిగిన మాటలు. మార్చనన్నాను. సంచిక నా పేజీ లేకుండానే వచ్చింది. నాకని ఉంచిన చోట ఆయన శాలువా కప్పుకున్న ఫొటో వేశారు. అదే ఫొటో అట్ట మీద కూడా ఉంది. ఒకే ఫొటో రెండుసార్లు వేసుకోవడానికి చోటుంది గానీ నా పేజీకి లేదు. సరే, ఇది నా పుస్తకం. ఇందులో రాయడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సంస్మరణ సభ బడి ఆవరణలోనే పెట్టారు. నన్ను ప్రత్యేకంగా పిలిచిన వాళ్లెవరూ లేరు. వాట్సాప్ గ్రూపులో అందరికీ పంపిన కార్డే నాకూ వచ్చింది, దాన్నే పిలుపనుకుని నెల్లూరులో మైపాడు బస్సెక్కాను. ఇందుకూరుపేట దాటాక రోడ్డుకు రెండు పక్కలా మా చిన్నతనంలో వరి ఉండేది. ఇప్పుడు రొయ్యల గుంటలు, వాటిలో నీళ్లు చిలికే చక్రాల రొద, బస్సు కిటికీ మూసినా ఆగని మేత వాసన. బడికి రంగులు వేశారు. వేదిక మీద కుషన్ కుర్చీలు, కింద ప్లాస్టిక్ కుర్చీలు. నాకు వెనక వరసలో ఒక కాలు ఊగే కుర్చీ దొరికింది. సభ నడిపిస్తున్న పెద్దమనిషి మైకు పట్టుకుని చెప్పాడు: "మన సారు ఎంత తమాషా మనిషంటే, ఒక ఆడబిడ్డకి లాభం అని పేరు పెట్టినాడు. ఆ బిడ్డే ఈరోజు గూడూరు కాలేజీలో లెక్కల లెక్చరర్. సారు నోటి మాట ఊరికే పోద్దా?" జనం నవ్వి చప్పట్లు కొట్టారు. ఆ బిడ్డ, మా రత్న, వేదిక మీదే కూర్చుని ఉంది. ఆమె కూడా నవ్వింది. నేను నవ్వలేదు. పక్కనున్నావిడ నా ముఖం చూసి "నవ్వొచ్చే మాటే గదమ్మా" అంది. "కాదు" అన్నాను. ఆమె తన కుర్చీ కాస్త అవతలికి జరుపుకుంది.

ఆ పేరు ఎట్లా పుట్టిందో ఇప్పుడు గుర్తున్నది బహుశా నా ఒక్కదానికే. అప్పుడు నేను ఇంటర్ పాసై, టీచర్ ట్రైనింగుకు సీటు రాక ఇంట్లో కూర్చున్నాను. మా నాయన ఆస్పత్రిలో కాంపౌండరు. ఆయన చొక్కా విప్పి కొయ్యకు తగిలిస్తే వసారా అంతా టింక్చర్ వాసన కొట్టేది. వంటింట్లోంచి మా అమ్మ వేయించే ఉప్పుచేపల వాసన వచ్చి దాంతో కలిసేది. మా ఇల్లు ఊరి చివర, సరుగుడు తోపుల పక్కన. వాకిలంతా సముద్రపు ఇసక. మా అవ్వ గడపలో కూర్చుని వక్కాకు నములుతూ, మధ్యలో గుర్తొచ్చినప్పుడల్లా గట్టిగా ప్రార్థన చేసేది. అందులో ఇరుగుపొరుగు సంగతులన్నీ దేవుడికి చెప్పేది. "ప్రభువా, దీనికి సీటన్నా ఇయ్యి, మొగుణ్ణన్నా ఇయ్యి" అని నా గురించి కూడా, వీధిలో వెళ్లేవాళ్లందరికీ వినపడేట్టు. సీటు రాని అమ్మాయిని ఖాళీగా ఉండనివ్వకూడదని మా నాయన వసారాలో పిల్లలకు ట్యూషన్ మొదలుపెట్టించాడు. ఆ రోజు నుంచి నేను ఊరికి ట్యూషనక్కనయ్యాను. నా పేరు కరుణ అని ఊళ్లో చాలామందికి తెలియదు. సభలో కూడా ఎవరో పరిచయం చేస్తూ "ఈమె అప్పట్లో ట్యూషన్ గీషన్ చెప్పేది" అన్నారు. అరవై దాటినా నాకు ఆ 'గీషన్' తప్పలేదు.

సాయంత్రం బడి వదిలాక పిల్లలు పలకలతో వచ్చేవాళ్లు. ముందు బావి దగ్గర కాళ్లు కడుక్కోవాలి. అవ్వ ఒక్కొక్కరి పాదాలు చూసి లోపలికి వదిలేది. ఉడకేసిన చెనిక్కాయలు, అంటే వేరుశనక్కాయలు, చేటలో పోసి పెట్టేది గానీ లెక్క అయ్యేదాకా ముట్టుకోనిచ్చేది కాదు. ఉప్పు, ఆవిరి కలిసిన ఆ వాసన ముక్కుకు తగులుతుంటే పిల్లలు కూడికలు గబగబా చేసేవాళ్లు. రత్న ఒక్కతే చేసేది కాదు. రెండో తరగతి పిల్ల. పెంచలయ్య అనే ఆయన మనవరాలు. పెంచలయ్యకు సొంత చేను లేదు. కోతలప్పుడు కళ్లాల్లో వడ్లు కొలవడానికి ఆయన్ని పిలిచేవాళ్లు. రత్న పలక ముందు పెట్టుకుని నా ముఖం చూస్తూ కూర్చునేది. అడిగితే తల దించుకునేది. ఇంకా అడిగితే పెదవులు కదిలేవి, మాట వచ్చేది కాదు. చింతపిక్కలు పోసి లెక్కపెట్టమంటే లోలోపల లెక్కపెట్టి జవాబు పలక మీద రాసేది. ఆ జవాబు ఎప్పుడూ తప్పే. "దీని తలకాయ ఖాళీ అక్కా, మా బళ్లో అందరికీ తెలుసు" అని రైసుమిల్లు వాళ్ల శీను నాకు ధైర్యం చెప్పాడు.

నాకు చిరాకు ఎక్కువ. కానీ చిరాకు పడి వదిలేసే రకం కాదు, చిరాకు పడి పట్టుకునే రకం. ఒకరోజు ఆ పిల్ల తప్పులన్నీ నా పలక మీద ఒకదాని కింద ఒకటి వేసి చూశాను. ఐదు పిక్కలు పోస్తే ఆరని రాసింది. మూడు, నాలుగు కలిపి పోస్తే ఎనిమిదని రాసింది. తొమ్మిదిలో నాలుగు నేనే తీసేసి మిగిలినవి చెప్పమంటే ఆరని రాసింది. అన్నిటికీ ఒక్కటే ఎక్కువ. ఇన్ని తప్పులు ఇంత క్రమంగా చేసే పిల్ల తలకాయ ఖాళీ ఎట్లా అవుతుంది? మర్నాడు చెనిక్కాయలు పంచే పని ఆ పిల్లకిచ్చి, స్తంభం పక్కన నిలబడి పెదవులు చూశాను. మొదటి కాయ తీస్తూ పెదవులు విప్పింది, మూసింది, గుటక వేసింది. తర్వాత అదే కాయకు పెదవులు "రెండు" అని కదిలాయి. రెండో కాయకు "మూడు". ఒకటి దగ్గర నోరు రాక, రెండు నుంచి మొదలుపెడుతోంది.

ఎందుకో చెప్పింది రత్న కాదు, శీను. వాడికి ఎవరి అవమానమైనా కంఠతా వచ్చు. బడికి కొత్త పలకలు వచ్చినరోజు హెడ్మాస్టరు రత్నను ముందుకు పిలిచి లెక్కపెట్టమన్నాడట. రత్న హుషారుగా "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టింది. మా వైపు కళ్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. కొలిచే మనిషి లెక్క తప్పకుండా ఉండడానికి ఆ మాటను తర్వాతి కుంచం నిండేదాకా రాగం తీస్తూ పలుకుతూనే ఉంటాడు. నడక వచ్చినప్పటి నుంచి తాత వెంట కళ్లాల్లో తిరిగిన పిల్లకు అంకెలంటే అవే. ఆ సంగతి తెలియని ఊరివాడా హెడ్మాస్టరు? ఆయనకూ పొలం ఉంది, ఆయన వడ్లూ పెంచలయ్యే కొలిచేవాడు. తెలిసే అన్నాడు: "ఏమ్మే, ఇది బడా, వడ్ల యాపారమా?" ఆ రోజు నుంచి హాజరు పిలిచేటప్పుడు రత్న పేరు లేదు. పిల్ల వస్తే "లాభం వచ్చిందా", రాకపోతే "ఈరోజు నష్టం". తరగతంతా రోజూ నవ్వేది. పిల్లకు లాభం అనాలంటే భయం. ఒకటి అందామంటే లాభం నోట్లోంచి ఎక్కడ జారుతుందోనని ఇంకా భయం.

పెంచలయ్యకు కబురు పెడితే వచ్చాడు. వసారా ఎక్కకుండా వాకిట్లోనే నిలబడి తువ్వాలు చేతిలో నలుపుకుంటూ చెప్పాడు: "నేనే చెడగొట్టినానమ్మా బిడ్డని. ఇంక కళ్లంలోకి రానియ్యను." నేను వద్దంటున్నా వినలేదు. హెడ్మాస్టరు ఈ ఏడు పాస్ చెయ్యనని చెప్పేశాడట. "నిలబెడితే ఇంక మానిపిస్తా. వాళ్లమ్మ నాట్లకి పోతే చంటోణ్ణి ఎత్తుకునేదానికి మనిషి గావాల. దీనికి రాదని అయ్యోరే అంటుంటే మనం గుంజులాడి ఏం జేస్తాం?" రత్న అక్కడే, నా పక్కనే ఉంది. తన గురించి జరిగే ఆ మాటల్ని వాన పడుతుంటే చూసినట్టు చూస్తూ ఉంది. నాకు ఆ తాత మీద కూడా కోపం వచ్చింది. తన నోట్లోంచి వచ్చిన లెక్కను తనే తప్పని ఒప్పేసుకున్నాడు గదా అని.

మర్నాడు వంటింట్లోంచి బియ్యం కొలిచే సోల తెచ్చాను. "వంటింటి సోల పిలకాయల చేతికిస్తావా, నీకేమన్నా పిచ్చా మే" అని అవ్వ గడపలోంచే లేచింది. "దేవుడికి చెప్పుకో" అన్నాను. వాకిట్లో ఇసక కుప్ప పోయించి, పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టి, ఈ వాకిట్లో మొదటిది లాభం అని చెప్పాను. ఒకటి అన్నవాళ్లకు చెనిక్కాయలు లేవు. శీను ఒకటి అని మొదలుపెట్టి నాలిక కరుచుకున్నాడు. మళ్లీ ఒకటి అన్నాడు. అందరూ వాణ్ణి చూసి నవ్వారు. ఆ నవ్వులో రత్న గొంతు మొదటిసారి విన్నాను. తర్వాత సోల రత్న చేతికిచ్చాను. చాలాసేపు పట్టుకుని కూర్చుంది. ఇసక నింపి, అంచు దాకా అరచేత్తో చదును చేసి, గుమ్మరిస్తూ నేలకేసి చూస్తూ "లాభం" అంది. ఎవరూ నవ్వలేదు, అందరి ధ్యాసా చెనిక్కాయల మీదే ఉంది. రెండో సోలకు రాగం వచ్చింది. సోలలు పోసిన కొద్దీ గొంతు పెరిగి, ఆఖరికి తోపుల్లో మేకలు కాసే వాళ్లు తిరిగి చూశారు.

ఊరు ఊరుకుంటుందా? శీను వాళ్లమ్మ సుశీలమ్మ వచ్చి వీధిలో నిలబడి అడిగింది: "లెక్కలు నేర్పమని పంపిస్తే కళ్లం పాటలు పాడిస్తుండావంట, మావోడు ఇంట్లో ఇడ్లీలు కూడా లాభం నుంచి లెక్కబెడుతుండాడు." "లెక్క సరిపోతుందా లేదా?" అన్నాను. "సరిపోద్దిలే, అయినా పద్ధతంటూ ఉండొద్దా?" అని పిల్లాణ్ణి రెక్క పట్టుకుని తీసుకుపోయింది. వాడు చెనిక్కాయల చేట వైపు చూస్తూ వెళ్లాడు. వాడి వెనక ఇంకా ఇద్దరు మానేశారు. మా నాయన కూడా "మామూలుగా చెప్పగూడదా అమ్మా" అన్నాడు. సుశీలమ్మ ఆ తర్వాత ఎన్ని పెళ్లిళ్లలో కనపడి బాగున్నావా అని పలకరించినా నేను తల మాత్రమే ఊపాను. ఇప్పటికీ అంతే.

పిల్ల గొంతు గట్టిపడ్డాక ఒకరోజు నేను సోల చేతిలో పట్టుకుని, అర్థం కానట్టు అడిగాను. "రత్నా, అందరం లాభం లాభం అంటుండాం గానీ, లాభం అంటే ఎన్ని సోలలే?" పిల్ల నా వైపు జాలిగా చూసింది. ఇంత చదివి ఇది కూడా తెలియదా అన్నట్టు. "ఒకటే గదక్కా" అంది. అన్నాక తను ఏమన్నదో తనకే తెలియలేదు. నేనూ తెలియనివ్వలేదు. "ఓహో, ఒకటేనా" అన్నాను. "ఒకటే. నీకు తెలవదా? ఒకటి" అని వేలు కూడా చూపించింది. గడపలో అవ్వ నమలడం ఆపింది. నేను అవ్వ వైపు చూసి, గమ్మునుండు అని కళ్లతో చెప్పాను. లేకపోతే ఆ నిమిషమే దేవుడికి కేక వేసి అంతా పాడుచేసేది.

పాస్ చేసేదీ లేనిదీ తేల్చే రోజున పిల్లను నేనే బడికి తీసుకెళ్లాను. హెడ్మాస్టరు కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఎవురు?" అన్నాడు. కాంపౌండర్ గారి అమ్మాయినని, రత్నకు ట్యూషన్ చెప్తున్నానని చెప్పాను. "నీకేం ట్రైనింగుందని చెప్తుండావు?" అన్నాడు. లేదన్నాను. "లేదు గదా. ఆడ నిలబడు." పక్కనే ఖాళీ కుర్చీ ఉంది. నేను తలుపు దగ్గర నిలబడే ఉన్నాను. ఆయన బల్ల మీద సుద్దముక్కలు గుమ్మరించాడు. "రామ్మా లాభమూ. ఇయ్యెన్నో చెప్పు. గట్టిగా, అందరికీ వినపడాల."

పొద్దున ఇంటి దగ్గర అనుకున్నది ఒకటి నుంచి మొదలుపెట్టాలని. దారంతా "ఒకటి, ఒకటి" అనుకుంటూనే వచ్చింది. పిల్ల ఒక ముక్క తీసి పక్కన పెట్టింది. తరగతినంతా ఒకసారి చూసింది. "లాభం" అంది. గది గదంతా ఘొల్లుమంది. హెడ్మాస్టరు బెత్తంతో బల్ల మీద తాళం వేస్తూ నా వైపు చూశాడు. నవ్వు తగ్గేదాకా రత్న ఆగింది. తర్వాత రెండో ముక్క తీసి "రెండు" అంది. మూడు, నాలుగు, తాత లాగే రాగం తీస్తూ, తొందర లేకుండా, ముక్క తర్వాత ముక్క జరుపుతూ పదమూడు దగ్గర ఆగింది. "పదమూడు అయ్యోరా. లాభమన్నా ఒకటే, ఒకటన్నా ఒకటే. మీ వడ్లు కొలిచేటప్పుడు కూడా మా తాత అట్నే అన్నాడు" అంది.

నవ్వేవాళ్లు ఆగిపోయారు. హెడ్మాస్టరు ఆ ముక్కల్ని తనే మళ్లీ లెక్కపెట్టుకున్నాడు, నోరు కదపకుండా. "ఊఁ, పో, పాసే" అన్నాడు. నాకు ఆ మాట చాలు. అక్కడితో ఆగి ఉంటే ఈ అధ్యాయమే లేదు. ఆయన నా వైపు తిరిగి అన్నాడు: "చూసినావా? నేను పేరు పెట్టబట్టి గదా దీనికి రోషం వచ్చింది. పిలకాయలకి రోషం పుట్టియ్యాల. అదీ చదువు చెప్పడమంటే." ఏదో అనబోయాను. గంట కొట్టారు. అప్పుడు ఆయనన్న మాటే నలభై ఏళ్లకు పైగా ఊళ్లో తిరిగి తిరిగి, మొన్న మైకులోంచి నా చెవిలో పడింది.

నాకు ట్రైనింగ్ సీటు రానేలేదు. నెల్లూరులో ఒక ప్రైవేటు బళ్లో చిన్న తరగతులకు చెప్పి మానేశాను. ఇప్పుడు మా పక్క ఫ్లాట్లో ఒక పాప ఉంది. లెక్క తప్పు చేస్తే దాని చేతిలోని ఫోన్లో ఎర్రటి గుర్తు పడి, ఏడుపు ముఖం బొమ్మ ఒకటి వస్తుంది. ఆ బొమ్మను చూసి పాప ముఖం కూడా అట్లాగే అవుతుంది. వాళ్లమ్మ పాప ముందే నాతో అంటుంది: "దీనికి మ్యాథ్స్ బ్రెయిన్ లేదాంటీ, కోచింగ్ వాళ్లు టెస్ట్ పెట్టి చెప్పారు." ఎక్కడ తప్పుతోందో చూశారా అని అడిగాను. ర్యాంకు చూశామంది. పాపను సాయంత్రాలు నా దగ్గరికి పంపమన్నాను. సాయంత్రాలే కోచింగ్ అంది. అప్పుడు పిల్లలను చూసి నవ్వినవాడికి ఒక పేరూ ముఖమూ ఉండేవి, వెళ్లి తలుపు దగ్గర నిలబడనైనా నిలబడేదాన్ని. ఈ ఏడుపు బొమ్మకు ఏ తలుపు దగ్గర నిలబడాలి?

సభలో చివరగా రత్న మాట్లాడింది. జుట్టు నెరిసింది, గొంతు మాత్రం అదే. నేను ఊగే కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నాను. ఇప్పుడు చెబుతుంది, మైకులో అందరికీ వినపడేట్టు చెబుతుంది అనుకున్నాను. "నాకు లెక్కలు మా తాత కళ్లంలోనే వచ్చినాయి. ఏరోజూ లెక్కలంటే భయమన్నది ఎరగను. సారు కూడా నన్ను ముద్దుగా చూసుకున్నారు" అని నమస్కారం పెట్టి కూర్చుంది. చప్పట్లు. నేను చేతులు ఒళ్లోనే పెట్టుకున్నాను.

సభ అయ్యాక తనే నన్ను చూసి దిగి వచ్చింది. "కరుణక్కా! ఎన్నాళ్లయింది. చిక్కిపొయ్యినావేందక్కా?"

"ఆయన ముద్దుగా చూసుకున్నాడా నిన్ను?" అన్నాను.

"పోయినోళ్లని ఏమంటాంలే అక్కా. ఏదో తమాషాకి పిలిచేవోడు."

"తమాషాకా? ఒకటి అనేదానికి నోరు రాక నువ్వు రెండు నుంచి లెక్కపెట్టేదానివి. గుర్తులేదా?"

"నేనా?" రత్న నిజంగానే ఆలోచించింది. తర్వాత నవ్వేసింది. "ఇంకెవురో అయ్యుంటార్లే అక్కా. నాకు మీ వాకిట్లో ఇసక గుర్తుండాది. అవ్వ చెనిక్కాయలు గుర్తుండాయి. మనం చదివిందేముంది, అంతా ఆటే గదా."

ఆటే గదా! నాకు ఒళ్లు మండింది. సోల సంగతి, సుశీలమ్మ సంగతి, తలుపు దగ్గర నిలబడ్డ సంగతి, అన్నీ ఒకేసారి నోటి దాకా వచ్చాయి. ఏది ముందు చెప్పాలా అని చూస్తున్నాను. ఇంతలో సభ నడిపిన పెద్దమనిషి అడ్డం వచ్చి, "మేడమ్, పులిహోర పొట్లాలు మీ చేతుల మీదగా ఇయ్యండి, చాల్తాయో లేదో కూడా చూసుకోండి" అని ఒక పెద్ద పళ్లెం ఆమె చేతికిచ్చాడు. నన్ను చూసి "మీరు వరసలో నిలబడండమ్మా" అన్నాడు.

నేను కదల్లేదు. రత్న అక్కడి నుంచే మొదలుపెట్టింది. వెనక ఎవరు ఎంతమంది ఉన్నారోనని అటే చూస్తూ, పైనున్న పొట్లం తీసి నా చేతిలో పెట్టి "లాభం" అంది. అంతమందిలో, గట్టిగా, రాగం తీసి. నా పక్కావిడకు "రెండు." ఆ పక్కన "మూడు." అట్లా అనుకుంటూ వరస వెంట ముందుకు వెళ్లిపోయింది. మళ్లీ నా వైపు తిరిగి చూడలేదు.

పులిహోర అప్పటికే చల్లారిపోయింది. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇల్లు చేరేదాకా విప్పలేదు.